చైత్రంలో మొలిచే రోకలిగొడుగులు

మొన్న అకాల వాన కురిసిన మర్నాడు మా చెల్లెలి కూతురు ఫోన్లో ఒక ఫొటో పంపింది. ఆ పిల్లకు తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాళ్ళుండే ఇళ్ళ వెనక, కాంపౌండు గోడ పక్కన తడిసిన ఇసుకలో తెల్లగా ఏదో మొలిచింది. ఫొటో కింద "పెద్దమ్మా, ఇది తినొచ్చా?" అని రాసింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. గొడుగు విచ్చుకోలేదు. ముడుచుకునే ఉంది. అది నేనెరిగినదే కావచ్చు, కాకపోనూ వచ్చు. వెంటనే ఫోన్ చేసి వద్దన్నాను.

"ఫోన్లో యాప్ ఉంది పెద్దమ్మా. దాంట్లో పెడితే తినొచ్చనే చూపిస్తా ఉంది."

"నీ ఫోను దాన్ని కోసి చూసిందా? వాసన చూసిందా?"

అది పకపకా నవ్వింది. "సరేలే, ముట్టుకోను. నీకెందుకంత భయం?" అంది.

భయం కాదని చెప్పబోయి ఆగిపోయాను. భయమే. అది నాకెలా పట్టుకుందో చెప్పాలంటే ఫోన్లో తేలే మాట కాదు. వేరే సంగతులు మాట్లాడి పెట్టేశాను. కానీ ఆ సాయంత్రమంతా మా అత్తే కళ్ళ ముందు తిరుగుతూ ఉంది.

మా ఊరు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారికి కాస్త ఎడంగా ఉండేది. పడమటి వైపు పెన్న కాలవల కింద వరి మళ్ళు. తూర్పుకు పోయేకొద్దీ మళ్ళు అయిపోయి నేల ఇసుకగా మారేది. తాటిచెట్లు, సరుగుడు తోటలు, అవి దాటితే సముద్రం. మళ్ళకూ తోటలకూ నడుమ ఎవరూ దున్నని ఎత్తునేల ఒకటి ఉండేది. ముళ్ళకంపలూ చెదపుట్టలూ తప్ప అక్కడేమీ ఉండేవి కావు. దాన్ని మేం దిబ్బలనేవాళ్ళం. మధ్యాహ్నం గాలి మళ్ళి సముద్రం మీద నుంచి కొట్టడం మొదలుపెడితే, దిబ్బల మీద నిలబడ్డవాళ్ళ పెదవుల మీద ఉప్పు తగిలేది.

అత్త మా నాయనకు అక్క. పెళ్ళి చేసుకుని వెళ్ళిన చోట మొగుడు మరో సంసారం పెట్టుకుంటే, ఒక్క రేకుపెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చేసిందట. నేను పుట్టేసరికే ఆమె మా ఇంట్లో ఉంది. అమ్మ పొలమూ గొడ్లూ చూసుకుంటే, వంటిల్లు అత్తది. మొలగొలుకుల బియ్యం పాతవైతే ఎసరు ఎంత పొయ్యాలో, కొత్తవైతే ఎంత తగ్గించాలో ఆమె చెయ్యికి తెలుసు. చేపల పులుసులో మామిడికాయ ముక్క ఎప్పుడు వేస్తే అది కరిగిపోకుండా ఉంటుందో తెలుసు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు పోయేటప్పుడు అమ్మకు చెప్పి, నాయనకు చెప్పి, చివరికి వంటింటి గడప దగ్గర నిలబడి ఆమెకు చెప్పి పోయేవాళ్ళు. ఆ గడప దగ్గరి మాట కోసమే ఆమె బతుకుతున్నట్టుండేది.

పుట్టగొడుగులు ఏరడంలోనూ ఆమెదే పైచెయ్యి. కార్తీకం వానల్లో గడ్డివాముల కింద, పెంటదిబ్బల పక్కన మొలిచేవి ఎవరైనా ఏరుకొచ్చేవాళ్ళు. అవి ఊరంతా తినేవి. రోకలిగొడుగులు అట్లా కాదు. అవి దిబ్బల మీది చెదపుట్టల్లో తప్ప మొలవవు. అదీ ఎండలు ముదిరే ముందు చైత్రంలో ఉరుములతో వాన పడితేనే. మా వైపు ఆ నెలలో వాన పడటమే అరుదు. కొన్నేళ్ళ పాటు వాటి జాడే ఉండేది కాదు. అందుకే పిల్లలకు వాటి పేరు తెలుసు గాని రుచి తెలియదు.

అది విచ్చుకునే గొడుగు కాదు. పొట్టి రోకలిని పుట్టలో దిగ్గొట్టినట్టు, తల ముడుచుకుని, పైన పొలుసు పొలుసుగా తెల్లగా నిలబడేది. దాన్ని నిలువునా కోస్తే, కాడ అడుగు నుంచి తల చివరి దాకా ఒకే పుల్లలా పోయి, చుట్టూ కండ లేత కొబ్బరిలా ఉండాలి. కాస్త పసుపు తిరిగినా పారేయాలి. ఎండెక్కితే లోపల నల్లబడిపోతుంది. మర్నాటికి ముట్టుకుంటే మసిపొడి రాలుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, విషపు కుక్కగొడుగు కూడా చిన్నప్పుడు అచ్చం ఇట్లాగే ముడుచుకుని ఉంటుంది. దాన్ని కోస్తే తల లోపల సన్నటి రేకుల గీతలు కనపడతాయి. అవి కూడా కంటికి సరిగ్గా ఆనని లేతవి ఉంటాయి. అందుకని అత్త అన్నీ చూశాక చివరికి ముక్కు దగ్గర పెట్టుకునేదట. మంచిదానికి బియ్యం కడిగిన నీళ్ళ వాసన ఉంటుందనేది. చెడ్డదాని వాసన ఏమిటో మాత్రం చెప్పేది కాదు. "అది నీకే తెలిసిపోతాది" అనేది.

నేను బడికి పోయే చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడు చలికాలంలో అత్తకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆమె నన్ను వంటింట్లోకి పిలవడం ఎక్కువైంది. "అమ్మణ్ణీ, పోపు మాడతా ఉండాదేమో చూడు." "అమ్మణ్ణీ, నిన్నటి పాలు, ఇరిగినయ్యేమో చూడు." పొయ్యి ముందు కూర్చున్న మనిషి, నడవాలో ఆడుకుంటున్న నన్ను పిలిచి పోపు చూడమనడం నాకు వింతగానే ఉండేది. జ్వరంతో కళ్ళు మసకలు పడ్డాయేమో అనుకున్నాను.

సంగతి మా దొంగతనం వల్ల బయటపడింది. శనివారం మా ఇంట్లో నీచు ముట్టరు. చెల్లెలూ నేనూ మాత్రం మైపాడు నుంచి గంపతో వచ్చే ఆమె దగ్గర కొన్న ఎండు నెత్తళ్ళ చేపలు కాసిని దాచిపెట్టుకుని, దొడ్లో నీళ్ళ పొయ్యి నిప్పుల మీద కాల్చుకుంటున్నాం. కమ్మటి వాసన పొగతో కలిసి ఇంటి మీదికి లేచింది. సరిగ్గా అప్పుడే అత్త దొడ్లోకి వచ్చింది. చెల్లెలు మిగిలిన చేపల మీద లంగా పరిచి కూర్చుంది. అత్త మా పక్కనే నిలబడి, బిందెలో చెయ్యి పెట్టి చూసి, "నీళ్ళు కాగినాయే, ఎవురు ముందు పోసుకుంటారు?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

చెల్లెలు నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున అత్త బియ్యం ఏరుతుంటే వెనక నుంచి వెళ్ళి, "కళ్ళు మూసుకో అత్తా, ఇదేందో చెప్పు" అని ఒక సంపెంగ పువ్వు ఆమె ముక్కుకు దాదాపు తగిలేలా పెట్టాను. ఆమె ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. చెయ్యి పైకెత్తి నా మణికట్టు పట్టుకుంది.

"ఎవురికీ చెప్పబాక అమ్మణ్ణీ."

ఎందుకని నేను అడగలేదు. ఆ పట్టు చూస్తేనే తెలిసింది. వంటింట్లోంచి లేచిపొమ్మంటే ఆమెకు ఆ ఇంట్లో కూర్చునే చోటు ఇంకొకటి లేదు. అట్లాగని ఎవరూ అనకపోయినా, ఆమె అట్లాగే అనుకుంది. ఆ రోజు నుంచి ఆమె పిలవకముందే నేను పొయ్యి దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. మాడుతుంటే ఆమె మోకాలి మీద తట్టేదాన్ని. ఆమె ఠక్కున గిన్నె దించేది.

కోతలు అయిపోయి వాములు వేస్తున్న రోజుల్లో మా నాయన తండ్రికి, తాతకు, ఏదీ నోటికి సహించకుండా పోయింది. ఫలానా జబ్బని లేదు. మనిషి మెల్లగా మంచానికి అతుక్కుపోయాడు. గంజి తాగమంటే రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేవాడు. అత్త ఒకరోజు ఊరుబిండి నూరేది, ఒకరోజు పచ్చిపులుసు చేసేది. అన్నీ నాలుక మీద పెట్టుకుని, "ఏం రుచీ తెలీడం లేదమ్మాయ్" అనేవాడు. అత్త ఆ మాటకు తల వంచుకునేది. తన చేతి వంటకే రుచి పోయిందేమో అని ఆమె అనుమానం. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఉగాది వెళ్ళాక, వేపపూత నేల మీద రాలి ఎండిపోయిన రోజుల్లో, ఒక సాయంత్రం ఉన్నట్టుండి తూర్పు దిక్కు నల్లబడింది. నాయన, అమ్మ, పాలికాపులు అందరూ కళ్ళం దగ్గరికి పరుగెత్తారు. తూర్పారబట్టిన వడ్లు రాశి పోసి ఉన్నాయి. పట్టలు కప్పేలోగా వాన పట్టుకుంది. ఆ వాన వల్ల ఎంత నష్టమో తలచుకుని ఊరంతా తిట్టుకుంటుంటే, మా ఇంట్లో మంచం మీద పడుకున్న మనిషి ఒక్కడే సంతోషపడ్డాడు. నేలను అదిరించేలా ఉరిమినప్పుడల్లా తాత కళ్ళు తెరిచేవాడు.

"అమ్మాయ్," అని అత్తను పిలిచాడు. "ఈ ఉరుముకు దిబ్బల్లో రోకళ్ళు లేస్తాయి. తెల్లారి పోయి చూడు. ఒక్క ముద్ద ఆ కూర తింటే నా నోరు లేసొస్తాది."

ఎన్నాళ్ళకో తాత తనంతట తాను అడిగిన తిండి అది. అత్త "అట్నే నాయనా" అని నా వంక చూసింది.

తెల్లవారి బడికి పంపకుండా నన్ను వెంటబెట్టుకుంది. చిన్న గంప, కొడవలి తీసుకుంది. మళ్ళ గట్ల మీద మా పాదాలు జారుతున్నాయి. వాన తడికి మోళ్ళ నుంచి పులిసిన గడ్డి వాసన వస్తోంది.

"నేను చూస్తా. కోస్తా. నువ్వు వాసన చూడాల," అంది ఊరు దాటాక.

"నాకు రాదు గదత్తా!"

"వస్తాది. మంచి బియ్యం కడుగు నీళ్ళెట్టుంటాయో తెలుసు గదా? అట్టుంటే మంచిది. ఇంకెట్టున్నా చెప్పెయ్యి."

దిబ్బల మీద పుట్టలన్నీ తడిసి ఎర్రగా మెరుస్తున్నాయి. మొదటి పుట్ట దగ్గర ఏమీ లేవు. రెండోదాని దగ్గరా లేవు. కంపలు తప్పించుకుంటూ ఇంకా లోపలికి పోతే, సరుగుడు తోట ముందున్న పెద్ద పుట్ట మీద కనిపించాయి. నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. తెల్లటి బొటనవేళ్ళలాంటివి కొన్ని, జానెడు పొడవువి కొన్ని, పుట్టను చీల్చుకుని నిటారుగా లేచి ఉన్నాయి. అత్త కూర్చుని, ఒకదాన్ని మొదలంటా తీసి నిలువునా కోసింది. కాడ చివరిదాకా పోయింది. కండ తెల్లగా ఉంది. రేకుల గీతలు లేవు. ఇంకోటి కోసింది. అదీ అంతే. ఆమె మొహం విప్పారింది. రెండు చెక్కలూ నా ముక్కు దగ్గర పెట్టింది.

"చెప్పు."

నేను వాసన చూశాను. ముందు తడి మట్టి వాసన తగిలింది. తర్వాత బియ్యం నీళ్ళదే అనిపించింది. చెప్పబోయేంతలో తల ఎత్తి ఆమె కళ్ళలోకి చూశాను. ఆ కళ్ళు నన్ను ఎంతగా నమ్ముకున్నాయో చూశాక నాకు భయం వేసింది. మళ్ళీ వాసన చూశాను. ఈసారి అడుగున ఎక్కడో పుల్లగా, గోనెసంచి నానినట్టుగా ఏదో తగిలింది. ఉందో, ఉందని నేను అనుకున్నానో. మంచం మీద తాత కనిపించాడు. అమ్మా నాయనా చెల్లెలూ వరసగా పడుకున్నట్టు కనిపించారు.

"బాగలేదత్తా."

"ఏం వాసన?"

"తెలీదు. బాగలేదు."

అత్త చెక్కలను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆమె కంటికి ఏ తప్పూ కనిపించడం లేదని నాకు అర్థమవుతూనే ఉంది. వాటిని కంపల్లోకి విసిరేసి, కొడవలిని ఇసుకలో రుద్ది తుడిచింది.

"పద," అని లేచింది.

దారిలో వెనకింటామె మాకు ఎదురైంది. ఆమె ఇల్లు మా దొడ్డికి ఆనుకునే ఉండేది. అత్త పుట్టగొడుగులకు బయల్దేరిందని తెలిస్తే ఆ జాడ పట్టుకుని పోవడం ఊళ్ళో ఆడవాళ్ళకు అలవాటే. ఆమె మా ఖాళీ గంప చూసి, "ఏం దొరకలేదా వదినా?" అంది. అత్త లేదన్నట్టు తల ఊపింది. అంతకు మించి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఎందుకు వదిలేసి వచ్చావని అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదనుకుంటాను.

ఇంటికి వచ్చి, "ఎండిపోయినాయి నాయనా, మసైపోయినాయి," అని తాతకు అబద్ధం చెప్పింది. వాన పడ్డ మర్నాటి పొద్దున్నే ఎట్లా ఎండుతాయి? తాతకు తెలియనిది కాదు. "సర్లే" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇంట్లోకి ఒక వాసన వచ్చింది. ఎర్రగడ్డలు, మిరియాలు, ధనియాలు, వాటన్నిటినీ మించి ఇంకేదో కమ్మగా ఉంది. నేను నడవాలోంచి లోపలికి వచ్చేసరికి, వెనకింటామె తాత మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో మూత పెట్టిన గిన్నె. తాత లేచి కూర్చుని ఉన్నాడు. తనంతట తాను లేచి కూర్చున్నాడు.

"దిబ్బల మీదియి మావా. పెద్ద పుట్ట కాడ వదినోళ్ళ కంటబడినట్టు లేవు. నీకిష్టమని ముందు నీకే తెచ్చినా."

తాత చెయ్యి గిన్నె మీదికి పోయింది. అప్పుడే వంటింట్లోంచి వచ్చిన అత్త ఆ మాట విని, ఒక్క అంగలో వచ్చి గిన్నె లాగేసుకుంది. కూర ఆమె చీర మీద ఒలికింది.

"ఎవురన్నా తిన్నారా? మీ ఇంట్లో తిన్నారా?"

"పిల్లోళ్ళు ఇప్పుడే తినేసి లేచినారు... ఏంది వదినా?"

అత్త గిన్నెను అందనంత ఎత్తున గూట్లో పెట్టి, వాళ్ళింటికి పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తాను. వెనకింటామె పిల్లలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని చేతులు నాకుకుంటున్నారు. అత్త ఉప్పునీళ్ళు కలిపి తాగించింది. ఒకడు కక్కాడు. ఒకడు ఎంతకీ కక్కలేదు. ఇద్దరినీ ఒళ్ళోకి లాక్కుని, కళ్ళు లాగి చూసింది, పొట్టలు తడిమి చూసింది. ఇరుగుపొరుగు పోగయ్యారు. నాయన కళ్ళం నుంచి వచ్చాడు. వెనకింటామె ఏడుపు అందుకుంది.

"నీకు తెలిసి వొదిలిపెట్టినావా వదినా? నాకో మాట చెప్పబళ్ళేదా? నువ్వు ఏరకుండా వొచ్చినావంటే నీ కంటబడలేదనుకున్నా గదా!"

"బాగుండాయో లేదో నాకు తెలీలేదు," అంది అత్త.

"నీకు తెలీకపోవడమేంది?"

అందరూ ఆమె వంక చూశారు. నేను చెప్పానని ఆమె ఒక్క మాట అంటే చాలు, అందరి కళ్ళూ నా మీదికి తిరుగుతాయి. అత్త నా వంకే చూడలేదు. పిల్లవాడి తల నిమురుతూ, అందరికీ వినపడేటట్టు చెప్పింది:

"నాకు ముక్కు పోయిందమ్మే. మొన్నటి జ్వరానికి పోయింది. మంచి వాసన, చెడు వాసన ఏదీ తెలీదు. సిగ్గుపడి చెప్పుకోలేదు. నీకు దారిలో చెప్పుంటే నీ పిల్లోళ్ళు తినేవోళ్ళు గాదు."

ఆమె ఆ అరుగు దిగలేదు. పొద్దు వాలినా, దీపాలు పెట్టినా అక్కడే కూర్చుంది. ఆ రాత్రి మా రెండిళ్ళలో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. తెల్లవారి నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి, ఆ పిల్లలిద్దరూ వాకిట్లో గోలీలు ఆడుకుంటున్నారు. సద్దన్నం తినడానికి రమ్మని వాళ్ళమ్మ అరుస్తోంది. అత్త స్తంభానికి ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

పుట్టగొడుగులు మంచివే.

అది తెలిశాక నాకు వచ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. అత్త మొహం కడుక్కుని వచ్చి నన్ను దొడ్లోకి తీసుకుపోయింది.

"ఎందుకే ఏడస్తా ఉండావు?"

"నేను తప్పు చెప్పినా."

"ఏం తప్పు? బాగలేదన్నావు, మనం తినలేదు. ఒక పూట నాలిక చిన్నబోయింది, అంతేగదా. బాగుండాదని చెప్పి అది తప్పయ్యుంటే? అనుమానం వస్తే వొద్దనే చెప్పాల. ఎప్పుడైనా సరే."

"మరి తాత?"

ఆమె చెంగుతో నా ముక్కు తుడిచింది.

ఇంట్లోకి వచ్చాక అసలు భయం ఆమెది. వంటింటి గడప దాటకుండా బయటే నిలబడిపోయింది. లోపల అమ్మ పొయ్యి వెలిగించి ఉంది. అత్తను చూసి, "ఏంది వదినా, ఆడే నిలబడ్డావు? కందిపప్పు పొయ్యి మీదుండాది, పోపు పెట్టు. నాకు గొడ్ల కాడ పనుండాది," అంది.

"మాడిపోతే?"

"పాప కూచోనుండాది గదా ఈడ. ఇన్నాళ్ళూ అదే గదా చెప్పతా ఉంది నీకు." అమ్మ చేటను గోడకు ఆనించింది. "నువ్వు పులుసులో ఇంగువ రెండు తూర్లు వేసినావే, ఆ పొద్దే తెలిసింది నాకు. నువ్వే చెప్తావులే అని గమ్మునున్నా."

అత్త పీట లాక్కుని కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. పోపు మాత్రం మాడలేదు.

ఆ మధ్యాహ్నం తాత నన్ను పిలిపించాడు. గూట్లో పెట్టిన కూర అప్పటికే పులిసిపోతే పారబోశారు. అందరూ అన్నీ మాట్లాడుకుంటుంటే ఆయన విని, ఎవరూ చెప్పకుండానే సంగతి గ్రహించినట్టున్నాడు.

"ఈడకు రా. వొద్దన్నది నువ్వేగదే?"

నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

"మంచిదైతే వాసన ఎట్టుంటాది? చెప్పు ఇందాం."

"బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి, తాతా."

"ఇంకా?"

"వాన తెల్లారి... గడ్డివామిలోంచి లోపలి గడ్డి పీకితే వస్తాది గదా, అట్ట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "కూరైతే?"

నిన్న మధ్యాహ్నం ఇంట్లోకి వచ్చిన ఆ వాసనను నేను ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఎర్రగడ్డలు నూనెలో ముడుచుకునేటప్పటిది, మిరియాలు నలిగినప్పటిది, నీళ్ళు ఇంకిపోయి కూర అడుగుకు దిగేటప్పటిది. నేను మరిచిపోతే ఆయన అందించాడు. చివరికి గుటక వేసి, "అమ్మాయ్, గంజిలోకి ఇంత మాగాయ వెయ్యి" అని కేకేశాడు. ఆ పూట గిన్నె ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుంటూ అత్తతో, "ఈ పిల్లకు ముక్కుండాది. ధైర్యమే లేదు. అదీ వస్తాదిలే," అన్నాడు.

తాత ఆ కార్తీకంలో గడ్డివాముల కింది పుట్టగొడుగులు కడుపారా తిన్నాడు. తింటూ, ఇవి రోకళ్ళ కాలిగోటికి సరిపోవని సణిగాడు. మరుసటి ఎండల్లో పోయాడు. ఆయనకు మళ్ళీ ఆ కూర దక్కలేదు.

తర్వాతి చైత్రాలు ఒట్టిపోయాయి. నేను ఓణీలు వేసుకుని, నాకు బుచ్చిరెడ్డిపాలెం సంబంధం ఖాయమైన ఏడు మళ్ళీ ఒక రాత్రి ఉరిమి కురిసింది. తెల్లవారి అత్తా నేనూ దిబ్బల మీదికి పోయాం. అప్పటికి అత్తకు మోకాళ్ళ నొప్పులు. పుట్ట ముందు కూర్చోవడానికి నా భుజం పట్టుకుంది. మొదటిదాన్ని కోసి నాకు అందించింది.

నేను వాసన చూశాను. ఆమె కళ్ళలోకి చూడకుండా, సముద్రం వైపు తిరిగి, మళ్ళీ చూశాను.

"బాగుండాదత్తా."

ఆమె కోయడం మొదలుపెట్టింది. ప్రతిదాన్నీ చీల్చి నాకు ఇవ్వడం, నేను వాసన చూసి గంపలో వేయడం. ఒకటి లోపల పసుపు తిరిగి ఉంటే నేను చెప్పకముందే తనే విసిరేసింది. సగం గంప నిండాక నాకు మళ్ళీ పాత భయం మొదలైంది.

"అత్తా, ఇంకోతూరి అన్నీ చూడనీ."

"చూసినావు గదా," అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఇంటికి తెచ్చి తనే వండింది. తనే ముందు తింటానంది. రోకలిగొడుగుల కూర వండినప్పుడు ఆమె ఎప్పుడూ అంతేనట. వండిన మనిషి తిని, పొద్దుగూకేదాకా బాగుంటేనే మిగతావాళ్ళకు. అంతకు ముందు ఆ ఆచారం గురించి వింటే నాకు వింతగా తోచేది. ఆ రోజు మాత్రం, ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు, ఆగమని అరవాలనిపించింది. నా మాట నమ్మి ఒక మనిషి తింటోంది. ఆమెకు అందులో ఉప్పూ కారమూ తప్ప ఏమీ తెలియదు. అయినా నెమ్మదిగా, అన్నం కలుపుకుంటూ, విస్తరి ఊడ్చింది.

ఇప్పుడు ఆ దిబ్బలు లేవు. పుట్టలు చదును చేసి రొయ్యల గుంటలు తవ్వారు. మొలగొలుకులు ఎవరూ వెయ్యడం లేదు. అత్త పోయి చాలా ఏళ్ళయింది. రోకలిగొడుగుల రుచి ఎట్లా ఉండేదని ఎవరైనా అడిగితే నేను చాలాసేపు చెప్పగలను గాని, నిజానికి నాకది గుర్తులేదు. తాతకు చెప్పిన మాటలే మళ్ళీ మళ్ళీ చెబుతుంటాను. గుర్తున్నది ఆ సాయంత్రం. అమ్మా, నాయనా, చెల్లెలూ, నేనూ ఆకలితో అరుగు మీద వరసగా కూర్చుని ఆమెనే చూస్తున్నాం. ఆమె తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. పొద్దు తాటిచెట్ల వెనక్కు దిగింది. అమ్మ లేచి దీపం పెట్టింది. అప్పుడు అత్త ఆకు నోట్లో పెట్టుకుని మా వంక చూసి కసిరింది:

"ఏంది, అందరూ నా మొకం చూస్తా కూచున్నారు? లేసి కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తా."